ఉస్తరాకు పెట్టిన బొట్టు

గడ్డం గీసుకోవడానికి ఐదు నిమిషాలు, గీసుకున్నాక ఉస్తరాను చూసుకోవడానికి పది నిమిషాలు. తుకారాం కాక నాకు మొదటిరోజే చెప్పిన మాట ఇది. ఐదు నిమిషాల పనికి పది నిమిషాల సేవ ఏమిటని నేను నవ్వాను.

"నవ్వు సేటూ, నవ్వు. ఈ పది నిమిషాలు తప్పిచ్చిన దినం అది నిన్ను చూసి నవ్వుతది," అన్నాడు కాక.

ఉస్తరా అంటే పిడిలోకి మడిచే పాత మంగలి కత్తి. ఇప్పుడు షాపుల్లో అందరూ బ్లేడును సగానికి విరిచి పెట్టుకునే కత్తే వాడుతున్నారు. తుకారాం కాకది వాళ్ళ నాయన చేతినుంచి వచ్చింది. నల్లటి కొమ్ము పిడి, నూరీ నూరీ సన్నబడిన ఉక్కు. మోండా మార్కెట్‌లో నా పూజాసామాను దుకాణానికి రెండు షట్టర్ల అవతల నలభై ఏళ్ళు ఆయన షాపు నడిపాడు. నిరుడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో చాయ్ గ్లాసు మాత్రమే వణికేది. ఒకరోజు గిరాకీ చెవి దగ్గర చిన్న గాటు పడింది. ఆ గిరాకీ పటిక రాయించుకుని తన దారిన పోయాడు. కానీ కాక ఆ సాయంత్రమే షట్టర్ దింపి, మళ్ళీ ఎత్తలేదు.

ఆయన కూతురు హిమజ బోయిన్‌పల్లిలో ఒక బ్యూటీ పార్లర్‌లో ఎనిమిదేళ్ళుగా పని చేస్తోంది. ఈ ఏడు సొంతంగా షాపు పెట్టాలనుకుంది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ కూడా. షాపు తెరిచిన రోజు మొదటి గడ్డం తనదే కావాలని, అదీ తాత ఉస్తరాతో బిడ్డే గీయాలని కాక పట్టుబట్టాడు.

అందాకా ఉస్తరా ఎక్కడ ఉండాలి? మోండా వెనక గల్లీలో ఉన్న ఆయన ఇల్లు చెమ్మ ఇల్లు. వానాకాలం గోడలు చెమటలు పడతాయి. హిమజకు అప్పటికి సగం బ్లేడు కత్తే అలవాటు. "వాడని కత్తి ఖరాబైతది. నువ్వు వాడు. నేర్పిస్త," అని కాక దాన్ని నా చేతిలో పెట్టాడు. రెండు నెలలు మా కాప్రా ఇంటికి బస్సెక్కి వచ్చి, అద్దం ముందు నన్ను నిలబెట్టి నేర్పాడు. గీసుకోవడం తొందరగానే వచ్చింది. తర్వాతి పని రావడానికే సమయం పట్టింది.

"కడిగినంక వీపు దిక్కు నుంచి అంచు దిక్కు తుడువు. అడ్డం తుడిస్తే గుడ్డ తెగుతది, పదునూ పోతది. పిడిల సందు ఉంటది చూడు, ఆడ నీళ్ళు దాస్కుంటయి. తోలు పట్టీ మీద నాలుగు సార్లు ఇటు, నాలుగు సార్లు అటు. ఇగ తెరిచి గాలికి పెట్టు. గప్పుడే మూయకు. తడి ఉన్న ఉస్తరా మూస్తే, పిల్లగాణ్ణి తడిబట్టలతోని పండబెట్టినట్టు."

అలా వేసవి నుంచి కార్తీకం దాకా ఉస్తరా నా దగ్గరే ఉంది. ఒక్కరోజు తప్ప ఆ పది నిమిషాలు ఎప్పుడూ తప్పలేదు. తప్పిన ఆ ఒక్కరోజు సంగతే నేను చెప్పాలి.

*

నేను ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, కాళ్ళకు చెప్పులు ఉండవు, చన్నీళ్ళ స్నానం, నేలమీద పడక, గడ్డం గీసుకోకపోవడం. అందరూ స్వామీ అనే పిలుస్తారు, ఇంట్లో భార్య కూడా. ఈసారి మాలకు ముందు ఉస్తరాను కాకకు తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.

"మా ఇంట్ల చెమ్మ తగ్గలే. ఆఖరి పారి గీసుకుని, నూనె రాసి లోపట పెట్టు. హిమజ షాపు తెరిచే ముందటి దినం వచ్చి తీస్కపోతది."

మాల వేసుకునే శనివారం పొద్దున గడ్డం గీసుకున్నాను. బయటినుంచి నా భార్య వసుధ తలుపు తట్టింది.

"ఇంకెంతసేపు? గురుస్వామి మెసేజ్ పెట్టిండు. ఐదున్నర దాటితే ముహూర్తం లేదంట!"

ఉస్తరా కడిగాను. వీపునుంచి అంచుకు తుడిచాను. తోలు పట్టీ మీద నాలుగూ నాలుగూ ఎనిమిది లాగాను. ఇక గాలికి పెట్టి, ఆగి, నూనె రాయాలి. ఆగడానికి సమయం లేదు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని భక్తి అనుకున్నాను. ఇన్ని నెలలు నా ముఖాన్ని కాపాడిన వస్తువు, నాతోపాటు దీనికీ దీక్షే అనుకుని, పూజ పళ్ళెంలో నీళ్ళతో కలిపిన పసుపు కుంకుమల్లో ఉంగరపు వేలు ముంచి, పిడి దగ్గర ఉక్కు మీద బొట్టు పెట్టాను. కళ్ళు మూసుకుని దండం పెట్టాను. మడిచి, ఒరలో దూర్చి, బీరువాలో పెట్టి తాళం వేశాను.

నూనె రాయవలసిన చోట బొట్టు పెట్టానని అప్పుడు నాకు తట్టనేలేదు.

గుడిలో మెడలో మాల పడింది. గురుస్వామి రామ్మోహనరావు గారు నియమాలు చెప్పారు. గోదావరి వైపునుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డ మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, పద్దెనిమిదిసార్లు కొండకు వెళ్ళారు. ఆయన చెప్పడం ముగించాక నేను, ఎవరూ అడగకుండానే, పదిమంది స్వాముల ముందు గట్టిగా అన్నాను: "ఈ నలభై ఒక్క రోజులు కత్తి చేత్తో ముట్టను స్వామీ."

"మంచిదండి," అన్నారాయన.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నియమం గీసుకోవద్దని మాత్రమే. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు. అడిగినదానికంటే ఒక పిడికెడు ఎక్కువ మొక్కితే దేవుడు సంతోషిస్తాడని నాలాంటివాళ్ళకు ఒక ఆశ ఉంటుంది.

*

పన్నెండో రోజు, బుధవారం. దుకాణంలో తులసిమాలలు విడదీస్తున్నాను. పక్కన నరసరాజు ఇనుప సామాను కొట్టు. బట్టలు కుట్టే ఎల్లమ్మ తన కత్తెర తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది.

"జెర సాన పట్టియ్యి అన్నా. దసరాకు పూజల పెట్టి ఊరికి పోయిన. ఇయ్యాల్నే తీసిన. తెగుతలేదు."

కత్తెర మీద దసరా నాటి బొట్టు ఎండి అంటుకుని ఉంది. నరసరాజు బొటనవేలితో గీరాడు. పసుపు రాలింది. దానికింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ.

"చూడమ్మా, బొట్టు పెట్టి మరీ తుప్పు పట్టించావు. మిగతా కత్తెరంతా శుభ్రంగా ఉంది, నీ భక్తి ఉన్నచోటే తినేసింది," అని నవ్వాడు.

ఎల్లమ్మ కూడా నవ్వింది. నా చేతిలో మాలలు చిక్కుపడ్డాయి. తడి పసుపు. తడి కుంకుమ. మూసిన ఉస్తరా. తోలు ఒర.

"ఏం స్వామీ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు నరసరాజు.

"ఏం లేదు స్వామీ," అన్నాను.

ఆ రోజునుంచి నాకు కుదురు లేదు. దుకాణం మోండాలో, బీరువా కాప్రాలో. రోజంతా ఇక్కడ కూర్చుని అక్కడి చీకట్లో ఏం జరుగుతోందో ఊహించడమే పని. గిరాకీ హారతి కర్పూరం అడిగితే అగరుబత్తి ఇచ్చాను. సాయంత్రం చన్నీళ్ళు పోసుకుని పీఠం ముందు కూర్చుంటే శరణుఘోష నోటినుంచి దానంతటదే వస్తుంది, మనసు మాత్రం బీరువా తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఒకరోజు నూట ఎనిమిది శరణాలు చదువుతూ ఎక్కడున్నానో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. రెండోసారి కూడా మరిచిపోయాను.

తెరిచి చూస్తే? ముట్టనని అన్నాను. చూడకపోతే? ఉక్కు నా మాట విని ఆగదు కదా. స్వామికిచ్చిన మాట పెద్దదా, తుకారాం కాక నా చేతిలో పెట్టిన వస్తువు పెద్దదా? ఇలాంటి ప్రశ్నలు చదువుకున్నవాళ్ళకు తేలికేమో. నేను ఇంటర్ దగ్గరే ఆపినవాణ్ణి. నాకు మెట్లు ఎక్కుతున్నా, స్కూటర్ తోలుతున్నా అదే ప్రశ్న.

అదే వారం హిమజ ఫోన్ చేసింది. "స్వామీ, వచ్చే గురువారం గాదు, దాని తర్వాతి గురువారం ఓపెనింగ్. బుధవారం వచ్చి ఉస్తరా తీస్కుంట. నాయన రోజుకు పదిసార్లు అడుగుతుండు, సేటు మంచిగ పెట్టిండా అని. మంచిగనే పెట్టిండు తియ్యి, నీకంటే ఆయనకే ఫికర్ ఎక్కువ అని చెప్తున్న."

"సరే తల్లీ," అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరచేతులు పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాను.

*

పదిహేడో రోజు వసుధకు చెప్పేశాను.

ఆమె గోంగూర ఒలుస్తూ విన్నది. "గడ్డం గీసుకోవద్దన్నరు గానీ, తుడవొద్దన్నరా స్వామీ?"

"నేనే అన్న, ముట్టనని."

"అనేటప్పుడు నన్ను అడిగినవా? నేనుంటే నోరు మూయించేదాన్ని." లేచి చేతులు కడుక్కుంది. "తాళం చెవి ఇయ్యి. నేను తీసి తుడుస్త. నేనేం మాల వేస్కోలే గద."

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆమె ఒర తీసి, ఉస్తరా బయటికి లాగి, భయంభయంగా సగం తెరిచింది. నేను రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"బొట్టున్నది," అంది. కొంగు చివరతో కొంచెం గీరింది. "చుట్టూ ఎర్రగ... మచ్చ లెక్క కనవడ్తుంది." కొంగును అంచుమీద అడ్డంగా లాగబోయింది.

"అడ్డం తుడవకు!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడి ఉస్తరాను టక్కున మడిచింది. పిడి మధ్య కొంగు దారాలు రెండు చిక్కుకున్నాయి. వేలు తెగకపోవడం స్వామి దయ.

"నువ్వు గిట్ల అరుస్తే నా చెయ్యి తెగుతది. ముట్టేటోడు ముట్టడు, ముట్టేదాన్ని ముట్టనియ్యడు. నాతోని కాదు." ఒరలో దూర్చి మళ్ళీ బీరువాలో పెట్టేసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "తుకారాం కాకకు ఫోన్ చేయరాదు?" అంది.

"చేస్త," అన్నాను. చేయలేదు.

అంతకుముందు అనుమానం. ఇప్పుడు మచ్చ ఉందని తెలుసు. తెలిశాక కూడా నాలుగు రోజులు గడిపాను. నాలుగు రోజులూ దీక్షను అడ్డం పెట్టుకున్నాను.

ఇరవై ఒకటో రోజు మా వీధిలో ఒక స్వామి ఇంట పడిపూజ. భజన అయ్యాక, భిక్షకు విస్తళ్ళు వేసేలోపు, గురుస్వామిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"అన్న మాట అన్న మాటే కదండీ," అన్నారు. "ముట్టనన్నారు, ముట్టకూడదు. వేరేవాళ్ళ చేత చేయించండి."

"వసుధతోని కాలేదు స్వామీ."

"ఇంతకీ ఆ కత్తి ఎవరిదన్నారు?"

"తుకారాం అని, మా మార్కెట్‌ల పాత షాపాయనది."

"మరి ఆయనకి చెప్పారా?"

నేను విస్తళ్ళు వేస్తున్నవైపు చూశాను.

"నాలుగు రోజులుగా అందరికీ చెబుతున్నట్టున్నారు," అన్నారు గురుస్వామి, కోపం లేకుండానే. "మీ ఆవిడకి చెప్పారు, నాకు చెప్పారు. వస్తువు ఆయనది."

ఆ రోజు భిక్షలో పాయసం ఎలా ఉందో నాకు గుర్తులేదు. నన్ను ఆపుతున్నది మాట ఒక్కటేనా అని విస్తరి ముందు కూర్చుని నన్ను నేను అడుక్కున్నాను. మాట నిజమే. కానీ దాని వెనక సిగ్గు దాక్కుని ఉంది. తుకారాం కాక ముఖం చూడాల్సి వస్తుందనే నేను ఉస్తరా ముఖం చూడలేదు.

*

మర్నాడు శనివారం. వసుధ ఒరను ఒక గుడ్డసంచిలో వేసి నా భుజానికి తగిలించింది. సంచి ముట్టుకోవడం కత్తి ముట్టుకోవడం కాదని ఇద్దరం తీర్మానించుకున్నాం. తీర్మానించేటప్పుడు ఆమె నా ముఖం చూసి పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

మోండా వెనక గల్లీలో కూరగాయల చెత్త మీద ఒట్టి కాళ్ళతో నడిచి కాక ఇంటికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఎండను కాళ్ళ మీద పడనిస్తున్నాడు. గడ్డం నాలుగు రోజులది. బిడ్డ చేతి కోసం పెంచుతున్నాడు.

"రా సేటు స్వామీ! ఏందీ, నా గడ్డం చూసి నువ్వు పరేషాన్ అయితున్నవా, నీ గడ్డం చూసి నేను కావాల్నా?"

నేను నవ్వలేకపోయాను. సంచి మంచం మీద పెట్టి, నిలబడే చెప్పాను. బొట్టు పెట్టిన సంగతి. నూనె రాయని సంగతి.

ఆయన ఒర తీశాడు. చెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉస్తరాను తెరిచాడు. ఎండలోకి వంచాడు. పిడి దగ్గర గోరంత మేర ఎర్రగా, మధ్యలో నల్లగా ఉంది. అంచుకూ దానికీ మధ్య దారమంత ఎడం. పిడి సందులో వసుధ కొంగు దారం ఒకటి ఇంకా ఉంది. ఆయన దాన్ని జాగ్రత్తగా లాగి పక్కన పెట్టాడు.

గల్లీలో కొత్తిమీర బండి వెళ్ళిపోయేదాకా ఉస్తరాను ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎప్పటి సంది తెల్సు?"

"పది దినాలు."

"పది దినాల కింద తెస్తే గుడ్డకు నూనె ముంచి తుడిస్తే పోవు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "దేవుడు అడిగిండా నిన్ను, ఉస్తరా ముట్టొద్దని?"

"అడగలే. నేనే అన్న."

"నేను అడిగిన గద. నూనె రాసి పెట్టమని." ఉస్తరాను తెరిచే పక్కన పెట్టి, కిటికీలోంచి బయటికి చూశాడు. "మా నాయన చేతికింద ఒక్క మచ్చ లేదు. నా చేతికింద నలభై ఏండ్లు లేదు. నా చెయ్యి ఖరాబైనంక, మంచి చెయ్యి చూసి ఇచ్చిన."

ఆ మాట తర్వాత కింద కూర్చున్నాను. దీక్షలో ఉన్నవాడి కాళ్ళకు ఇతరులు మొక్కుతారు. నాకు ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. ఆయన పట్టుకోనివ్వడని తెలుసు.

"నూనె గూట్లె ఉంది, మిషన్ నూనె. తే," అన్నాడు కాసేపటికి. "హిమజ పొద్దుగూకినంక వస్తది. గప్పటి దాక ఉంచితే అంచుకు పాకుతదేమో. గుడ్డ, నూనె, మెత్తటి బూడిద. జల్లించిన బూడిద. ఇసుక పలుకు ఉండొద్దు." నా మెడకు వేలాడే చిన్న విభూతి సంచివైపు చూశాడు. "గండ్ల ఇబూదేనా?"

"అవును."

"గుడి ఇబూదా, దుకాణం ఇబూదా?"

"దుకాణందే."

"అయితే ఫర్వాలేదు. ఇటియ్యి."

విభూతిలో రెండు చుక్కల నూనె కలిపి గుడ్డకు రాశాడు. ఉస్తరా ఎడమచేత పట్టి కుడిచేత్తో రుద్దబోయాడు. గుడ్డ మచ్చమీద నిలవలేదు. అంచుమీదికి జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. మూడోసారి ఆయన బొటనవేలు అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

ఆయన ఆగి, ఉస్తరాను నావైపు తిప్పాడు. పిడి నావైపు, అంచు తనవైపు.

"నువ్వు పట్టు."

నేను మెడలో మాల చూసుకున్నాను. పదిమంది ముందు అన్న మాట గుర్తొచ్చింది. గురుస్వామి "మంచిదండి" అనడం గుర్తొచ్చింది. స్వామీ, ఏది నీది అని లోపల అడిగాను. జవాబు వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. నా ముందు ఒక వణుకుతున్న చెయ్యి మాత్రం ఉంది.

పట్టుకున్నాను.

"వీపు మీద వేలు పెట్టు. రుద్దు. అంచు దిక్కు పోకు. మెల్లగ. ఏందా తొందర, ముహూర్తం ఉన్నదా?"

గంటకు పైగా రుద్దాను. ఎరుపు గుడ్డకు వచ్చేసింది. బొట్టు ఎండిన పసుపు, తుప్పు, విభూతి అన్నీ కలిసి గుడ్డంతా మట్టి రంగయింది. చివరికి ఉక్కుమీద ఒక నల్లటి చుక్క మిగిలింది, నువ్వుగింజంత. వేలితో తడిమితే చిన్న గుంటలా తగులుతుంది.

"అది పోదు. ఉంటది," అన్నాడు కాక. "అంచును తినలే. బిడ్డ రాయి మీద పట్టుకుంటది."

ఉస్తరా నా దగ్గరే ఉంచమంటాడేమోనని ఒక క్షణం చూశాను. అనలేదు. దాన్ని తెరిచే కిటికీ గూట్లో పెట్టించి, "ఈడనే ఉండనీ. చెమ్మ అయితే అయింది, నేను చూస్కుంట," అన్నాడు.

ఇంటికి వెళ్ళేముందు గుడికి పోయి గురుస్వామికి చెప్పాను, మాట తప్పానని. "ఇది నాకూ తెలియదు స్వామీ. ఇరుముడి కట్టుకుని కొండెక్కాక అక్కడే అడగండి," అన్నారు. మాల తీసేయమనలేదు. తప్పు లేదనీ అనలేదు. ఆ రాత్రి నేలమీద పడుకుంటే చాలాసేపు అటూ ఇటూ దొర్లాను. అరచేతులకు మిషన్ నూనె వాసన ఇంకా ఉంది.

*

గురువారం బోయిన్‌పల్లిలో హిమజ షాపు. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, తలుపుకు మామిడాకులు. వెళ్ళాలా వద్దా అని పొద్దుటినుంచి మూడుసార్లు చొక్కా మార్చాను. మార్చడానికి ఉన్నవన్నీ నల్లవే. వసుధ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని బండెక్కి, "ఎక్కు స్వామీ. రమ్మని పిలిచింది నిన్ను, నీ మచ్చను గాదు," అంది.

కాక కుర్చీలో కూర్చున్నాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ. తొమ్మిది రోజుల గడ్డం మీద హిమజ నురగ పట్టించింది. పక్క మార్కెట్‌కు వచ్చిన నలుగురు పోరగాళ్ళు గుమ్మంలో నిలబడి ఫోన్లు ఎత్తారు.

"అక్కా, మీ నాయనకు బీమా ఉన్నదా?"

"ఉన్నది. నీకుందా? తర్వాత నువ్వే కూసో," అంది హిమజ వెనక్కి తిరగకుండా.

ఉస్తరాను స్పిరిట్‌తో తుడిచి తోలు పట్టీ మీద లాగింది. ఆ చప్పుడు వినగానే కాక కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఒకసారి అద్దంలోంచి నావైపు చూసింది. మొత్తం తెలుసని ఆ చూపులో ఉంది.

మొదటి గీత చెంపమీదినుంచి దిగింది. నురగ వెనక శుభ్రమైన చర్మం. రెండోది. దవడ మలుపు దగ్గర ఆమె మణికట్టు తిప్పి, పిడి వైపు భాగం తగలకుండా ముందుభాగంతోనే గీసింది. ఆ మలుపు ఎందుకో ఆ షాపులో మా నలుగురికే తెలుసు. గొంతు కింద గీసేటప్పుడు నేను అద్దం చూడలేదు. మామిడాకుల్ని చూశాను.

"ఏందీ, అందరు బిగబట్టిండ్రు? ఊపిరి తీస్కోండ్రి," అన్నాడు కాక, కళ్ళు మూసుకునే.

ఒక్క చుక్క రక్తం రాలేదు. పటిక రాయి అలాగే పొడిగా ఉండిపోయింది. కాక చేత్తో చెంప తడుముకున్నాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. చెంప మీద అటూ ఇటూ తిరిగి, బిడ్డ మణికట్టు దగ్గర ఆగింది.

"జెర పక్కన మిగిల్చినవ్," అన్నాడు.

"కావాల్ననే మిగిల్చిన. రేపు మళ్ళ వస్తవని."

హిమజ ఉస్తరాను నీళ్ళకింద కడిగింది. చేతులనిండా నురగ. చుట్టూ చూసి, పిడి నావైపు పెట్టి చాచింది. "స్వామీ, ఆరబెట్టు."

నేను కాకవైపు చూశాను. ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. తల ఊపలేదు, వద్దనీ అనలేదు.

తీసుకున్నాను. గుడ్డను వీపునుంచి అంచుకు లాగాను. తిప్పి మళ్ళీ లాగాను. పిడి సందులోకి గుడ్డ కొస మెలిపెట్టి దూర్చాను. నువ్వుగింజంత మచ్చ దగ్గర గుంటలో తడి దాక్కుంటుందని, అక్కడ రెండుసార్లు ఎక్కువ అద్దాను. తోలు పట్టీ మీద నాలుగు ఇటు, నాలుగు అటు.

ఇంతలో వసుధ పళ్ళెంతో ముందుకొచ్చింది. షాపు తెరిచిన రోజు కదా, పనిముట్టుకు బొట్టు పెట్టాలి. ఉంగరపు వేలు తడి కుంకుమలో ముంచి ఎత్తింది. ఎత్తి, నా ముఖం చూసి, గాల్లోనే ఆపేసింది.

"అద్దానికి పెట్టు," అన్నాను.

"అద్దానికి పెట్టు బిడ్డా, కుర్చీకి పెట్టు, ఈ పోరగాళ్ళ నెత్తికి పెట్టు," అన్నాడు తుకారాం కాక. షాపంతా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, ఇన్ని రోజుల తర్వాత.

గుమ్మంలో ఒక పిల్లవాడు ఫొటో కోసం, "స్వామీ, జెర మడిచి పట్టుకో," అన్నాడు. నా బొటనవేలు దానంతటదే పిడిమీదికి వెళ్ళింది.

"ఆగు," అన్నాడు కాక అద్దంలోంచి. "ఇంక మూయకు. గాలి తాకనీ."

ఫ్యాన్ కింద, తెరిచిన ఉస్తరాను అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.